దున్నని చెలకలో గునుగు పూలు

కొత్తగా వ్యవసాయ విస్తరణ అధికారులుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడం, మీ అనుభవం ఏమన్నా చెప్పండి" అంటారు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టేలోగా వాళ్లకు ఇంకో ఫోన్ వస్తుంది. అందుకే రాసి పెడుతున్నాను. ఎప్పుడైనా బస్సులో ఊరికే కూర్చున్నప్పుడు చదువుకుంటారు.

ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, బదిలీ ఎవరు ఆపారు, ఇవేవీ ఇందులో ఉండవు. అవి తలుచుకుంటే నాకే ఆవులింతలు వస్తాయి. నా ఉద్యోగమంతా మేడ్చల్, శామీర్‌పేట్ మండలాల్లోనే తిరిగింది, అందులో సగం కలుపు గురించి మాట్లాడటంతోనే గడిచింది. పెళ్లి పందిట్లో కూర్చున్నా ఎవరో ఒకరు పక్కకు జరిగి తుంగ చచ్చే ఉపాయం అడిగేవారు. అక్షింతలు వేసే వేళకు మేమింకా తుంగగడ్డ దగ్గరే ఉండేవాళ్లం. మా ఆయన వెక్కిరించేవారు, నేను వెక్కిరింపుకు అలవాటు పడ్డాను.

జీపు దిగి నడిచిన రోజులు

నేను చేరిన కొత్తలో బౌరంపేట్ వైపు, మేడ్చల్ వైపు ద్రాక్ష తోటలు ఉండేవి. పందిళ్ల కింద నడుస్తుంటే ఎండ చుక్కలు చుక్కలుగా మీద పడేది. తోటవాళ్లు ఒక గుత్తి తెంపి చేతిలో పెట్టి, "కడగనవసరం లేదు బిడ్డా, తిను" అనేవారు. మందు కొట్టి ఎన్నాళ్లయిందని అడిగితే నవ్వేవారు. ఇప్పుడు ఆ పందిళ్లున్న చోట గేటెడ్ కాలనీలు, వాటి ముందు బడి బస్సులు. దుండిగల్ దాటి అటు వెళ్లినప్పుడల్లా షేర్ ఆటోలో కూర్చుని ఏ గేటు ఎవరి తోటో పోల్చుకుంటూ ఉంటాను. అలా పోల్చుకుంటూ దిగాల్సిన చోటు దాటిపోవడం నాకు మామూలే.

మా మొదటి సారు సన్నగా, పొడుగ్గా, ఎండకైనా వానకైనా గొడుగుతో ఉండేవారు. జీపును ఊరి బయటే ఆపించేవారు. అక్కడి నుంచి నడక. ఆఫీసు జీపు ఉండగా ఈ నడక ఏమిటని ఒకరోజు చిరాకుగా అడిగాను.

"జీపు సప్పుడు ఇన్నడంటే రైతు తన మాట మర్సిపోతడమ్మా. మనకేం గావాల్నో గదే చెప్తడు," అన్నారు.

ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. ఒక చేనులో నేను ఒక మొక్క పీకి, కాలేజీలో బట్టీపట్టిన శాస్త్రీయ నామం గడగడా చెప్పాను. ఆయన గొడుగు మూసి ఆ మొక్క అందుకుని, "పేరు సరే, దాని ఈడెంతో చెప్పు" అన్నారు. రెండాకుల మీద ఉన్న కలుపు గోటితో పోతుంది. పూతకు వచ్చిందంటే మనుషులు కావాలి. గింజ రాల్చిందంటే అది ఈ ఏటి కలుపు కాదు, వచ్చే ఏళ్ల కలుపు. నా ఉద్యోగమంతా ఈ ఒక్క మాట మీద నడిచిందంటే అతిశయోక్తి కాదు. ఆయన పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ చేను గట్టు మీద ఎవరైనా గొడుగుతో కనిపిస్తే నా నడక దానంతట అదే సర్దుకుంటుంది.

దున్నొద్దని చెప్పాల్సి రావడం

ఉద్యోగం సగానికి వచ్చాక, దున్నకుండా సేద్యం చేయించమని మాకు పైనుంచి మాట వచ్చింది. పద్ధతి ఇది. భూమిని దున్నకూడదు. కోత అయ్యాక చొప్పను తగలబెట్టకుండా, పశువులకు మొత్తం వేయకుండా నేల మీద పరచాలి. ఒకే పంట మళ్లీ మళ్లీ వేయకూడదు. తడి నిలుస్తుంది, ఎర్రలు, అదే వానపాములు, పెరుగుతాయి, మన్ను కొట్టుకుపోదు. ఇవన్నీ నిజాలే.

కానీ "దుక్కి కొద్దీ పంట, బుద్ధి కొద్దీ సుఖం" అని పుట్టినప్పటి నుంచి వింటున్నవాళ్లకు దున్నొద్దని చెప్పడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. మొదటి మీటింగులోనే ఒక ముసలాయన లేచి, "దున్నకుంట ఎవుసం జెయ్యుమంటవు, వండకుంట తినుమన్నట్టే ఉన్నది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఇంకేం చేస్తాను.

నిజం చెప్పాలంటే మేము లాభాల పాఠం చెప్పి, కలుపు పాఠం మింగేసేవాళ్లం. నాగలి చేసే పనిలో సగం కలుపును చంపడమే. నాగలిని మాన్పించినప్పుడు ఆ సగం పని ఎవరు చేయాలో కూడా చెప్పాలి కదా. విత్తగానే కలుపు మందు కొట్టమని చెప్పి చేతులు దులుపుకునేవారే ఎక్కువ. మందు పనికొస్తుంది, కాదనను. కానీ నేలలో తడి లేకపోతే పని చేయదు. పరిచిన చొప్ప సగం మందును తానే పట్టేసుకుంటుంది. గరికకు, తుంగకు విత్తిన వెంటనే కొట్టే ఆ మందు స్నానం లాంటిది.

నేను రైతులకు చెప్పింది వేరు. మొదటి వానకు తొందరపడొద్దు. కలుపును ముందు మొలవనివ్వండి, దాన్ని చంపి అప్పుడు కట్టెతో పొక్కలు పొడిచి గింజ వేయండి. సాళ్ల మధ్య బబ్బెర్లు, అంటే అలసందలు, చల్లండి, నేల కనిపించకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఒక్క కలుపు గింజ కూడా రాలనివ్వకండి. దున్నే భూమిలో రాలిన గింజ లోపలికి పోయి దాక్కుంటుంది. దున్నని భూమిలో పైనే ఉంటుంది. రాల్చడం ఆపితే రెండు మూడేళ్లలో చేను శుభ్రపడుతుంది, ఆపకపోతే అదే రెండు మూడేళ్లలో చేను మునుగుతుంది. ఈ మునగడం ఎలా ఉంటుందో నేను లాల్‌గడి మలక్‌పేట్‌లో చూశాను.

జహంగీర్ భాయ్ చెలక

అక్కడ జహంగీర్ భాయ్‌కి ఒక ఎర్ర చెలక, అంటే వాన మీదే పండే మెట్ట చేను, ఉంది. వానకాలం మక్క, అంటే మొక్కజొన్న, వేస్తాడు. చుట్టూ ఉన్న పొలాలవాళ్లు ఒక్కొక్కరే అమ్ముకున్నారు. ఒక పక్క రాళ్ల గుట్ట, మిగతా మూడు పక్కలా లేఔట్ వాళ్ల గోడ లేచింది. ముందు ఎడ్లబండి పోయే బాట ఉండేది. అది ఏ రెవెన్యూ నక్షాలోనూ లేని బాట, ఇరుగు పొరుగు మాట మీద నడిచిన బాట. పొలాలు అమ్ముడుపోయినప్పుడు ఆ మాట కూడా పోయింది. గోడ కట్టినవాళ్లు ఒక మనిషి పట్టేంత సందు మాత్రం వదిలారు.

ఆ సందులోంచి ట్రాక్టర్ రాదు. ఎడ్లను ముందే అమ్మేశాడు. లేఔట్ మనుషులు వచ్చి, "నడుమ నీ చెలక ఒక్కటే మిగిలింది భాయ్, ఇచ్చెయ్" అని పండుగకు పబ్బానికి అడిగిపోయేవారు. అతను ఇవ్వనన్నాడు. ఎందుకని నేను అడిగినప్పుడు గట్టు మీద చతికిలబడి చెప్పాడు.

"గిది తప్ప నాకేం జెయ్యొస్తది మేడం? అమ్మితే పైసలు ఏడాదిల వోతయ్. తర్వాత గీ గేటుకాడనే వాచ్‌మన్‌గ కూసోవాలె. నా భూమికి నేనే కాపలా, ఇంకొకలకు సలాం గొట్టుకుంట."

నా మీటింగుల్లో ఒకదానికి అతనూ వచ్చి చివర్న నిలబడ్డాడు. అందరూ వెళ్లాక దగ్గరికి వచ్చాడు. "దున్నకుంట పండుతదంటిరి. నిజమా, మీటింగ్ మాటనా?" అన్నాడు. నిజమే అన్నాను. ఈ పద్ధతి మిగతా రైతులకు ఒక కొత్త సంగతి. అతనికి మాత్రం భూమి నిలుపుకోవడానికి ఉన్న ఒకే ఒక దారి.

మొదటి ఏడు అతను, భార్య రజియా బీ కలిసి కట్టెతో పొక్కలు పొడిచి గింజ వేశారు. గోడ మీదుగా తొంగిచూసిన మేస్త్రీలు నవ్వారు. మక్క మాత్రం మంచిగా వచ్చింది. రజియా బీ కంకులు కాల్చి, ఉప్పు, నిమ్మకాయ రుద్ది నా చేతిలో పెట్టింది. ఆ గుట్ట నీడలో కూర్చుని తిన్న కంకుల రుచి తర్వాత నాకు ఎక్కడా దొరకలేదు. జహంగీర్ భాయ్ ఆ రోజు అదే పనిగా మాట్లాడాడు, రజియా బీ ఆశ్చర్యంగా అతని వైపే చూస్తూ కూర్చుంది.

పూసినదాన్ని పీకరు

ఇక్కడ మీకు గునుగు సంగతి చెప్పాలి, ముఖ్యంగా వేరే జిల్లాల నుంచి వచ్చినవాళ్లకు. గునుగు చెలకల్లో మక్కతో పాటే మొలుస్తుంది. లేతప్పుడు కూర వండుకుంటారు. బతుకమ్మ పండుగ నాటికి గులాబీ రంగు కొసతో తెల్లటి కంకుల్లాగా పూస్తుంది. తంగేడు, గునుగు లేకుండా ఇక్కడ బతుకమ్మ లేదు. మన పుస్తకంలో అది కలుపు. ఆడవాళ్ల లెక్కలో అది పువ్వు.

ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. పూత కనిపించిన గునుగును ఎవరూ పీకరు. కైకిలికి, అంటే కూలికి, కలుపు తీయడానికి వచ్చిన ఆడవాళ్లు కూడా మిగతావన్నీ పీకి, గునుగు దగ్గరికి రాగానే చెయ్యి పక్కకు జరుపుతారు. పండుగకు ఎవరి చేనులోకైనా ఎవరైనా పోయి పూలు తెంపుకోవచ్చు, అడగనవసరం లేదు. జహంగీర్ భాయ్ చెలక ఊరికి దగ్గర. అందులో గునుగు ఏపుగా వస్తుంది. వాళ్ల నాయన కాలం నుంచి ఊరి బతుకమ్మకు సగం పూలు అక్కడివే. ఆడవాళ్లు వచ్చినప్పుడు రజియా బీ నీళ్ల బిందె, జామకాయల గంప గట్టు మీద పెట్టేది.

వచ్చినవాళ్లు పొడుగు కాడలున్నవే తెంపేవారు. పొట్టివి వదిలేసేవారు. వదిలినవి ఎండి, ఆవగింజ కన్నా సన్నటి నల్లటి గింజలు రాల్చేవి. నాగలి ఉన్నన్నాళ్లు ఆ గింజలు కిందికి పోయేవి. నాగలి ఆగాక అవన్నీ చొప్ప కింద పైపైనే ఉండిపోయాయి. రెండో ఏడు తొలి వానకు గునుగు నారు పోసినట్టు మొలిచింది. తీసినకొద్దీ వాన వానకూ మళ్లీ వచ్చింది. మందు కొట్టినా అదే వరస. మక్క పసుపు పచ్చగా తిరిగి మోకాలి ఎత్తున ఆగిపోయింది.

"ఇంకొక్క ఏడు గిట్లనే అయితే ఇచ్చేస్త మేడం. ఇగ నాతోని గాదు," అన్నాడు జహంగీర్ భాయ్. అతను ఆ మాట అనడం నేను మొదటిసారి విన్నాను.

ఎవరూ రాని ఏడు

అప్పటి మా పై అధికారి మంచివాడు, పనిమంతుడు. గొంతు మాత్రం పెద్దది. ఆ చెలక సంగతి విని పంచాయతీ ఆఫీసు దగ్గర మీటింగు పెట్టించారు. గునుగును పూతకు రాకముందే పీకేయాలన్నారు. పూల కోసం వదిలితే చేను నాశనమన్నారు. ఎవరిని పడితే వాళ్లను చేనులో తిరగనివ్వొద్దన్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. "కావాలంటే జహంగీర్ చెలక చూడండి, ఏమైందో" అని కూడా అన్నారు.

శాస్త్రం ప్రకారం ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. కానీ ఊళ్లో చెప్పే మాట చెప్పినట్టు ఇళ్లకు చేరదు. సాయంత్రానికల్లా అది "జహంగీర్ ఆఫీసరుకు చెప్పి ఆడోళ్లను చెలకలకు రావొద్దనిపిచ్చిండట" అయింది. జహంగీర్ భాయ్ ఎవరి దగ్గరికీ పోయి కాదని చెప్పలేదు. అతని స్వభావం అంతే. ఎదుటివాడు తిట్టినా మొదట తన చెప్పుల వైపు చూసుకునే మనిషి.

ఆ ఏడు పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ నాడు, రజియా బీ ఎప్పటిలాగే నీళ్ల బిందె పెట్టింది. ఎవరూ రాలేదు. మరునాడూ రాలేదు. పండుగ రోజులన్నీ అలాగే గడిచిపోయాయి. ఊరి ఆడవాళ్లు ఎక్కడెక్కడో తిరిగి పూలు తెచ్చుకున్నారు గానీ ఆ సందులోకి అడుగు పెట్టలేదు. తెంపేవాళ్లు లేక చెలకంతా గునుగు తెల్లబడి, ఎండి, నిలువునా రాలింది. దసరా తర్వాత నేను వెళ్లి ఒక కంకి పట్టుకుని దులిపితే అరచేయి నల్లగా అయింది. పూలు తెంపేవాళ్ల వల్ల చేను పాడవుతోందని మేమన్నాం. వాళ్లు తెంపుకుపోయే పూలతో పాటే ఇన్నేళ్లు సగం గింజ బయటికి పోయిందని ఆ ఏడు అందరికీ తెలిసింది.

అది చాలదన్నట్టు, లేఔట్ వాళ్లు ఆ సందును ఇటుకలతో మూసేశారు. ఎందుకు మూశారని అడిగితే వాచ్‌మన్ ఎటో చూస్తూ, "పండుగకు గూడ ఎవలు నడుస్తలేరు గద మేడం" అన్నాడు. జహంగీర్ భాయ్ మిగిలిన కాసిన్ని కంకులను నెత్తి మీద పెట్టుకుని గుట్ట ఎక్కి దిగాడు. నేను నాకు తెలిసిన ఆఫీసులన్నీ తిరిగాను. నక్షాలో లేని బాటకు ఎవరూ జవాబుదారీ కాదు. పిల్లలూ, ఒకటి గుర్తుంచుకోండి. మన డిపార్ట్‌మెంట్ చెయ్యి గట్టు దాటి పోదు. రైతు కష్టాల్లో సగం గట్టు అవతలే ఉంటాయి.

రజియా బీ పిలుపు

ఎండాకాలం చివర్న రజియా బీ నాకు ఫోన్ చేసింది. "ఎల్లవ్వ ఇంటికి పోదాం మేడం, మీరు గూడ రాండ్రి. మీరు మాట్లాడొద్దు గని, ఊకె నా పక్కకు కూసోండ్రి," అంది. మాట్లాడటానికి జీతం తీసుకునేదాన్ని నేను, మాట్లాడొద్దని పిలుపు. నవ్వుకుంటూ వెళ్లాను.

ఎల్లవ్వ కైకిలి ఆడవాళ్లకు పెద్ద. ఆమె మాట అంటే మాటే. వాకిట్లో చాటలో బియ్యం చెరుగుతోంది. మమ్మల్ని చూసి చెరగడం ఆపలేదు.

"గా సారు మీటింగుల అన్ని మాటలంటె నీ పెనిమిటి నోరెందుకు దెర్వలేదు?" అంది.

"ఆయినకు నోరుంటె మా చెలక సుట్టు గోడ లేస్తదా అక్కా?" అంది రజియా బీ.

ఎల్లవ్వ మూతి బిగించింది. ఆ తర్వాత ఆపుకోలేక నవ్వింది. చాట పక్కన పెట్టి పీటలు వేసింది.

రజియా బీ తిరుగుడు లేకుండా చెప్పేసింది. "పోయినేడు మీరు రాలె. గునుగంత కిందనే రాలింది. ఈ ఏడు గిట్ల మక్క వోతే ఆయిన చెలక ఇచ్చేస్తడు. తొల్త కూరకు రాండ్రి, లేతది పీక్కపోండ్రి. మల్ల పూలకు రాండ్రి. పొట్టివి గూడ ఒక్కటి ఇడ్వొద్దు, అన్ని మీయే."

నేను మాట నిలుపుకోలేకపోయాను. కంకి అడుగు ఎండకముందే, కొస ఇంకా గులాబీ రంగులో ఉన్నప్పుడే తెంపాలని చెప్పాను. అడుగు ఎండిందంటే గింజ రాలడం మొదలైనట్టే.

"గంత ముందుగాల తెంపితె ఆఖర్న సద్దుల బతుకమ్మ నాటికి ఏం పేర్వాలె? నీ మక్క చొప్పనా?" అంది ఎల్లవ్వ నావైపు తిరిగి.

మా అవ్వ చిన్నప్పుడు గునుగు కట్టలు కట్టి నీడలో తలకిందులుగా వేలాడదీసేది. అది తంగేడులా వాడిపోదు, రంగు అద్దుకోవడానికి అలాగే ఇంకా బాగుంటుంది. ఆ మాటే చెప్పాను. ఎల్లవ్వ తల ఊపింది.

"సరే, వస్తం. మరి తొవ్వ యాడుంది?"

"ఇటుకలు వెట్టి బంద్ జేసిండ్రు," అంది రజియా బీ.

"పూలకు వొయ్యే తొవ్వ బంద్ జేసిండ్రా?" ఎల్లవ్వ గొంతు అప్పుడు మారింది. అప్పటిదాకా అది జహంగీర్ ఇంటి తగాదా. ఆ క్షణం నుంచి అది ఆమె సొంత తగాదా అయింది.

తొలి వానలు పడి గునుగు లేతగా మొలిచిన రోజుల్లో ఒక పొద్దున ఊరి ఆడవాళ్లు గంపలు పట్టుకుని లేఔట్ గేటు ముందు నిలబడ్డారు. వాచ్‌మన్ ఎక్కడికని అడిగితే "కూరకు" అన్నారు. లేఔట్ మేనేజర్ కారులో వచ్చాడు. ఇది ప్రైవేటు స్థలమన్నాడు. ఎల్లవ్వ గొంతు పెంచలేదు.

"ఈడ ఇండ్లు కొననీకి వచ్చేటోళ్లకు ఊరు మస్తు మంచిదని చెప్తవు గద బిడ్డా. ఊరంటె మేమే. మమ్ములనే గేటు బయట నిలవెడితె రేపు వాళ్లకేం జూపిస్తవు?"

అప్పటికే ప్లాట్లు చూడటానికి వచ్చిన ఒక కుటుంబం కారు దిగి ఇదంతా చూస్తోంది. మేనేజర్ వాళ్ల వైపు ఒకసారి, ఆడవాళ్ల వైపు ఒకసారి చూశాడు. మధ్యాహ్నానికి ఇటుకలు తీయించాడు. కొన్నాళ్లకు అక్కడ చిన్న ఇనుప గేటు పెట్టించాడు. ఊరివాళ్లు అడిగినప్పుడు తీయమని వాచ్‌మన్‌కు చెప్పాడు.

ఆ ఏడు జహంగీర్ భాయ్ చేత మందు కొట్టించలేదు. మందు కొట్టిన చేను ఆకు కుండలోకి పోకూడదు, ఈ విషయంలో నేను ఎవరి మొహమాటానికీ లొంగను. ఆడవాళ్లు కూరకు వచ్చి సాళ్ల మధ్య లేత గునుగంతా పీక్కుపోయారు. ఖాళీ అయిన చోట బబ్బెర్లు పరుచుకున్నాయి. పూతకాలంలో పొట్టిదీ పొడుగుదీ లేకుండా తెంపి కట్టలు కట్టారు. సద్దుల బతుకమ్మ ఆ ఏడు ఎల్లవ్వ భుజం దాకా లేచింది. మక్క పంట పెద్దగా రాలేదు గానీ చెలక ఇచ్చేస్తానన్న మాట జహంగీర్ భాయ్ మళ్లీ ఎత్తలేదు. పై ఏడు గునుగు పలచబడింది. ఆ పై ఏడు ఇంకా పలచబడింది, మక్క గోడ దాటి కనిపించింది.

నేను ఎక్కడికి పోయినా ఈ చెలక గురించే చెప్పేదాన్ని. కొంచెం గర్వంగానే చెప్పేదాన్ని. ఆ గర్వంతోనే రిటైరయ్యాను.

గింజల కోసం

పోయిన దసరా వెళ్లిన కొన్నాళ్లకు జహంగీర్ భాయ్ మా ఇంటికి వచ్చాడు. చాయ్ తాగాడు. కప్పు కింద పెట్టి గడప అవతల విడిచిన తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"ఒక మాట అడుగుత మేడం, నవ్వొద్దు. గునుగు గింజలు యాడన్న దొర్కుతయా?"

నేను నవ్వలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో కలుపు గింజలు కావాలని అడిగిన రైతు లేడు.

అతను నెమ్మదిగా చెప్పాడు. చెలక ఇప్పుడు శుభ్రంగా ఉంది. ఎంత శుభ్రంగా అంటే మొన్నటి పండుగకు ఆడవాళ్లు గంపలతో వచ్చి పిడికెడు పూలు కూడా దొరకక తిరిగిపోయారు. మేడ్చల్ మార్కెట్లో కొనుక్కున్నారు. మరునాటి నుంచి ఒకరిద్దరు తప్ప ఎవరూ రాలేదు. లేఔట్‌కు కొత్త మేనేజర్ వచ్చాడు. ఆ చిన్న గేటు దేనికని వాచ్‌మన్‌ను అడిగాడట.

"పూలు లేకుంటె వాళ్లు రారు మేడం. వాళ్లు రాకుంటె తొవ్వుండది. తొవ్వ లేకుంటె నేనుండ."

దున్నని చేనులో ఒక్క గింజ రాలనివ్వొద్దని నేను చెప్పిన పాఠాన్ని ఆ మనిషి తు.చ. తప్పకుండా పాటించాడు. పాఠం నెగ్గింది. దాని వెంట అతని బాట పోయేటట్టు ఉంది. కళ్లలో నీళ్లు తిరిగితే వంటింట్లోకి వెళ్లి తుడుచుకుని వచ్చాను.

మరునాడు షేర్ ఆటో ఎక్కి గునుగు వెతకడానికి బయలుదేరాను. ఒకప్పుడు ఏ చెలక చూసినా కనిపించేది. ఇప్పుడు గోడలే కనిపించాయి. చివరికి దుండిగల్ దగ్గర ఇంకా ఇల్లు కట్టని ఒక ప్లాటులో ఎండిన గునుగు దొరికింది. కొంగు పట్టి దులుపుతుంటే దారిన పోయే ఒక అమ్మాయి ఆగి, అది ఏ జబ్బుకు మందు ఆంటీ అని అడిగింది. పూల గింజలమ్మా అన్నాను. ఆ మొక్కను నేను పువ్వు అనడం అదే మొదలు.

ఈ ఏడు వానలకు చెలక అంచున, గోడ పొడవునా ఒక పట్టెలాగా చల్లాం. మక్క వైపు పాకకుండా మధ్యలో బబ్బెర్లు వేయించాను. అడుగు ఎండకముందే తెంపాలని గట్టిగా చెప్పబోతే జహంగీర్ భాయ్ నవ్వాడు. "మీరు రిటైరైండ్రు మేడం, ఇగ హుకుం నడ్వది," అన్నాడు. అయినా నేను చెప్పాల్సింది చెప్పాను.

ఎంగిలిపూల బతుకమ్మ నాడు పొద్దున్నే వెళ్లాను. గోడ పొడవునా గునుగు గులాబీ కొసలతో నిలబడి ఉంది. రజియా బీ జామకాయలు కడుగుతోంది. ఎల్లవ్వ అందరికంటే ముందు వచ్చింది, ఇప్పుడు చేతికర్ర ఉంది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఇన్నేండ్లు పీకు పీకుమంటివి. ఇప్పుడు నువ్వే సల్లినవట," అంది. చల్లానని ఒప్పుకున్నాను. ఒక ఖాళీ గంప నా చేతిలో పెట్టి, పొట్టివి కూడా వదలకుండా తెంపమంది.

వంగి తెంపుతూ ఒకసారి తలెత్తి చూశాను. జహంగీర్ భాయ్ పూల వైపు గానీ మక్క వైపు గానీ చూడటం లేదు. చెలక మధ్యలో నిలబడి ఆ ఇనుప గేటునే చూస్తున్నాడు. ఊరి ఆడవాళ్లు, వాళ్ల వెనక లేఔట్‌లో ఇళ్లు కట్టుకున్నవాళ్ల ఆడపిల్లలు కూడా గంపలతో ఒకరి తర్వాత ఒకరు వస్తూనే ఉన్నారు. వాచ్‌మన్ గేటు మూయబోయి, మళ్లీ ఎవరో రావడం చూసి, ఇక మూయడం మానేసి పక్కకు నిలబడ్డాడు.